ఫిబ్రవరి చుక్క

కుడికాలి మేజోడు ఎక్కింది. ఎడమకాలిది మడమ దగ్గర పట్టేసింది. లూయెల్లా కాడిల్ మంచం అంచున కూర్చుని, రెండు బొటనవేళ్లూ మేజోడు లోపలికి దూర్చి, పళ్లు బిగించి పైకి లాగింది. వాపు దిగడానికి డాక్టరు రాసిచ్చిన బిగుతు మేజోళ్లు అవి. రాత్రంతా కాళ్లు దిండ్ల మీద ఎత్తిపెట్టుకుని పడుకున్నా, చీలమండలు పొద్దున్నకి మళ్లీ పిండి పులిసినట్టు ఉబ్బాయి. వేలితో నొక్కితే గుంట పడుతుంది. ఆ గుంట మెల్లగా పూడేదాకా చూస్తూ కూర్చోవడం ఆమెకు ఈమధ్య అలవాటైంది.

మేజోడు ఎక్కాక కాసేపు అలాగే ఆగింది. గుండె తలుపు కొట్టినట్టు కొట్టుకుని, తగ్గింది.

వంటింట్లో పెనం పెట్టి స్క్రాపుల్ అచ్చు నుంచి రెండు ముక్కలు కోసింది. పంది మాంసం తుక్కు, మొక్కజొన్న పిండి, ఉప్పు, మిరియాలు. ఉప్పు ముట్టొద్దని డాక్టరు చెప్పి చాలాకాలమైంది. ఏడాదిలో ఈ ఒక్కరోజు మాత్రం ఆమె ఆ మాట వినదు. ఫిబ్రవరి బొమ్మ వచ్చే రోజున స్క్రాపుల్ వేయించుకుని తినాలి. అంచులు నల్లగా కరకరలాడాలి. అది ఆమె తనకు తాను పెట్టుకున్న పండగ.

చెత్తబుట్ట పెట్టడానికి వసారాలోకి వచ్చేసరికి పక్కింటి బర్నీస్ అప్పటికే తన వసారాలో కోటు కప్పుకుని సిగరెట్టు కాలుస్తోంది. గోడకి గోడ అంటుకున్న ఇళ్లవి. పాత బట్టల మిల్లు పనివాళ్ల కోసం కట్టినవి. అటు తుమ్మితే ఇటు వినపడుతుంది.

"లూ! స్క్రాపుల్ వాసనొస్తోంది. డాక్టరుకి ఫోన్ చెయ్యనా, శవపేటికల వాడికి చెయ్యనా?"

"ఇద్దరికీ చెయ్యి. ఎవడు ముందొస్తే వాడికో ముక్క పెడతా."

"ఆపరేషన్ సోమవారమేనా? ఈసారైనా మాట మీదుంటావా?"

"ఉంటాను."

"అక్టోబరులోనే కోయించుకోవే తల్లీ అని నెత్తీ నోరూ బాదుకున్నాడు డాక్టరు. ఫిబ్రవరి దాటనీ అన్నావు. ఆకాశంలో చుక్క కోసం గుండెని లైన్లో నిలబెట్టినదాన్ని నిన్నే చూశాను, బంగారం."

"చుక్క ఏడాదికోసారే వస్తుంది. డాక్టరు రోజూ ఉంటాడు," అంది లూయెల్లా.

బర్నీస్ పొగ పక్కకు ఊది నవ్వింది. "రాయిస్ ఉంటే ఏమనేవాడు?"

రాయిస్ లూయెల్లా భర్త. ఇళ్ల కప్పులకు తారు పూసేవాడు. ఆమె ఉద్యోగాన్ని 'బొమ్మల్లో ఈగలేరే పని' అనేవాడు. ఉంటే ఇవాళా అదే అనేవాడు.  లూయెల్లా బుట్ట మూత వేసి లోపలికి వెళ్లింది.

బస్సు దిగాక ఆమె పనిచేసే అంతరిక్ష పరిశోధన సంస్థ దాకా చిన్న ఎత్తు ఎక్కాలి. దారి పక్కన మంచు కరిగి, కార్ల మసి కలిసి, బూడిదరంగు బురదైంది. లూయెల్లా రెండుచోట్ల ఆగింది. ఆగినప్పుడు చేతిసంచిలో ఏదో వెతుకుతున్నట్టు నటించింది. తలుపు దగ్గర కాపలా మనిషి ఆమె మెడలోని కార్డు చూడకుండానే చెయ్యూపాడు. రేపు దాటితే ఆ కార్డు పనిచేయదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఆమె గది నేలమాళిగలో ఉంది. గోడకి పైన ఒక చిన్న కిటికీ. అందులోంచి దారిన పోయేవాళ్ల బూట్లు కనపడతాయి. ఒకప్పుడు ఆ గదిలో వరసగా బల్లలుండేవి, ఒక్కో బల్ల ముందు ఒక్కో ఆడమనిషి. టైపు కొట్టడానికి చేరిన లూయెల్లాను, ఓపికగా కూర్చోగలదని చెప్పి, బొమ్మలు చూసే పనిలో వేశారు. తర్వాత యంత్రాలు చాలావరకు ఆ పని నేర్చుకున్నాయి. బల్లలు ఒక్కొక్కటీ ఖాళీ అయ్యాయి. ఇప్పుడు మిగిలింది ఆమె ఒక్కతే.

పని చెప్పుకోవడానికి ఏమీ లేదు. కెస్ట్రెల్ అనే ఉపగ్రహం భూమికి చాలా దూరంలో ఉండి, కంటికి ఆనని వేడి వెలుగులో ఆకాశాన్ని బొమ్మలు తీస్తుంది. అవి కిందికి దిగాక యంత్రం శుభ్రం చేస్తుంది. యంత్రం అయ్యాక లూయెల్లా ఒక్కో బొమ్మనీ తెర మీద తెరిచి చూస్తుంది. బాగుంటే ఒక మీట నొక్కాలి. బాగోకపోతే ఇంకో మీట నొక్కి, ఎందుకు బాగోలేదో పక్కనున్న మాటల్లోంచి ఒకటి ఎంచాలి. వేరే ఉపగ్రహం అడ్డం పోయి గీత పడటం. గురి చుక్క తప్పిపోయి బొమ్మంతా అలుక్కుపోవడం. దయ్యం.

దయ్యమంటే అద్దాల మాయ. బొమ్మ అంచుకు బయట ఎక్కడో బాగా వెలిగే చుక్క ఒకటి ఉంటుంది. దాని వెలుగు దూరదర్శిని లోపల అద్దానికీ అద్దానికీ తగిలి, రాకూడని చోటికి వచ్చి పడుతుంది. అక్కడ ఏదో ఉన్నట్టు కనపడుతుంది. ఉండదు. చదువుకుని కొత్తగా వచ్చిన ప్రతివాళ్లనీ ఒక పూట లూయెల్లా పక్కన కూర్చోబెట్టేవారు. ఆమె అందరికీ ఒకేమాట చెప్పేది. "దాన్ని అనుమానించేముందు చుట్టుపక్కల పెద్ద చుక్క ఏదుందో చూడండి. అప్పటికీ తేలకపోతే ఉపగ్రహాన్ని కాస్త ఒరిగించి మళ్లీ తీయించండి. చుక్కయితే తన చోటే ఉంటుంది. దయ్యమయితే పోతుంది."

ఆమె తెర మీద, పైన రెండు మూలలా టేపు అతికించి, ఒక పల్చటి ప్లాస్టిక్ షీటు వేలాడుతుంటుంది. పాతకాలపు పద్ధతి అది. దయ్యాలు మళ్లీమళ్లీ పడే చోట్లకు ఎర్ర మైనపు పెన్సిలుతో సున్నాలు చుట్టేవారు. బొమ్మ మీదికి షీటు దించితే ఏది దయ్యమో ఇట్టే తెలిసిపోయేది. యంత్రానికి ఇవన్నీ వచ్చాక అందరూ షీట్లు తీసేశారు. ఆమె తీయలేదు. తెర మారినప్పుడల్లా కొలుచుకుని కొత్త షీటు కోసి, పాత సున్నాలన్నీ మళ్లీ గీసుకుంది. ఒక్కో సున్నా గిన్నె బోర్లించి గీసినట్టు గుండ్రంగా ఉంటుంది.

ఆమె కోటు తీసి కుర్చీకి తగిలిస్తుండగా ఓటిస్ ఫెంట్రెస్ వచ్చాడు. కెస్ట్రెల్ ఎప్పుడు ఎటు తిరగాలో పథకం వేసేది అతనే. పొడుగ్గా, వంగిన భుజాలతో, ద్వారబంధం తగులుతుందేమోనని ఎప్పుడూ తల వంచుకునే ఉంటాడు. చేతిలో కాగితం పొట్లం. అందులో చేపా బంగాళాదుంపా కలిపి వేయించిన బిళ్ల, రెండు ఉప్పు బిస్కెట్ల మధ్య, ఆవపిండి పూసి.

"మిస్ లూ, లంచం తెచ్చాను."

"ఉప్పు తినొద్దన్నారు."

"అలాగే. నేను తింటాను, మీరు చూడండి." బల్ల అంచున కూర్చుని పొట్లం విప్పాడు. "మీ చుక్క నిన్న ఫోటోకి కూర్చుంది. ఎప్పటిలా ఒకటి. ఒరిగించి ఇంకోటి. ముసలి కెస్ట్రెల్‌ని ఒరిగించేసరికి ఎండ పలకలు పక్కకుపోయి బ్యాటరీ నసిగింది. పై వాళ్లు నా మొహం వంక చూశారు. ఎలాగూ ఇవాళ చంపేస్తున్నాంగా, చచ్చేదాన్ని ఒక పక్కకి పడుకోబెడితే ఏం పోయిందన్నాను."

"అలా అనకు."

"సరే, అనను." అతను ఆవపిండి అంటిన వేలు నాక్కున్నాడు. "చూడండి మరి. నాకాగట్లేదు."

"వరసలో వస్తుంది. వరసలోనే చూస్తాను."

"మీకు పెళ్లైన రోజున కూడా వరసలోనే నిలబడ్డారా, మిస్ లూ?"

"కోర్టులో చేసుకున్నాం. నిలబడ్డాం," అంది ఆమె. అతను పెద్దగా నవ్వి, సగం తిన్న బిళ్ల ఆమె బల్ల మీదే వదిలేసి పోయాడు.

ఆమె బొమ్మలు తెరవడం మొదలుపెట్టింది. ఎప్పటిలాగే మొదటిదాంతో మొదలుపెట్టింది. దూరంగా ఉన్న నక్షత్రమండలాల గుంపు, మూలన ఒక గీత. ఒక ధూళిమేఘం, బాగుంది. ఇంకొకటి, గురి తప్పింది. గీకినట్టుంది. బాగోలేదు. చేతులు వాటంతట అవే చేసుకుపోతున్నాయి. వేళ్లు చల్లగా ఉన్నాయి. మధ్యమధ్య అరచేతులు కప్పు చుట్టూ పెట్టి కాచుకుంది. కప్పులో ఉన్నది వేడినీళ్లే.

ఫిబ్రవరి చుక్క కథ రాయిస్ పోయిన ఏడాది మొదలైంది. కెస్ట్రెల్ తన కన్ను ఎంత మసకబారిందో కొలుచుకోవడానికి ఏటా అదే తేదీన, అదే వాలులో, ఆకాశంలో ఒకేచోటికి తిరిగి ఒక బొమ్మ తీస్తుంది. అక్కడ చూడదగ్గది ఏమీ లేదు. అందుకే ఆ చోటు ఎంచుకున్నారు. ఆ బొమ్మ మీద ఎవరూ పరిశోధన చేయరు. యంత్రం దాని వెలుగు కొలిచి ఒక అంకె రాసుకుంటుంది, అంతే. చూసేది లూయెల్లా ఒక్కతే. ఆ చోటు ఆమెకు సొంత వంటింటి అలమారలా తెలుసు. జంట చుక్కలు. చొక్కా గుండీల్లా వరసగా మూడు. కింద అలుక్కుపోయిన నక్షత్రమండలం ఒకటి, కాఫీ మరకలా. రాయిస్‌ని పూడ్చిపెట్టిన తర్వాత వచ్చిన ఫిబ్రవరిలో, గుండీలకు పక్కన, అంతకుముందు లేని చోట ఆమెకు ఒక నలుసు కనపడింది. ఉందో లేదో తెలియనంత సన్నంగా ఉంది. మరుసటి ఏడు కాస్త తేటపడింది. ఆ తర్వాతి ఏడు ఇంకాస్త.

దయ్యమేమోనని ఆమె అనుకోకపోలేదు. అంచుకు బయట పెద్ద చుక్క ఒకటుంది. కానీ దాని దయ్యం ఎదురుమూల పడాలి, అక్కడ పడుతూనే ఉంది. షీటు మీద సున్నా కూడా ఉంది. పైగా దయ్యాలు చిల్లుగారెల్లా పరుచుకుంటాయి. ఇది సూదిమొనలా ఉంది. ఆమె డాక్టర్ సోల్‌బర్గ్‌కు చూపించింది. సోల్‌బర్గ్ నడివయసు ఖగోళశాస్త్రవేత్త. కళ్లజోడు నెత్తి మీద పెట్టుకుని దాన్ని వెతుక్కునే మనిషి. ఆవిడ చాలాసేపు చూసి, "పుడుతున్న నక్షత్రం కావచ్చు లూయెల్లా. ధూళిలోంచి ఇప్పుడిప్పుడే బయటికొస్తూ ఉండొచ్చు. ఇలా ఏడాది ఏడాదికీ ఒకేచోట చూసినవాళ్లు లేరు. ఒరిగించి తీస్తే తేలిపోతుంది," అంది. రెండుసార్లు అర్జీ పెట్టారు. ఖాళీ చోటు కోసం ఉపగ్రహాన్ని ఇబ్బంది పెట్టలేమని రెండుసార్లూ కమిటీ తిప్పికొట్టింది.

ఈలోగా ఆమె ఒక ఫిబ్రవరి నుంచి ఇంకో ఫిబ్రవరికి బతికింది. ఆ మాట ఎవరితోనూ అనలేదు. ఇంట్లో మాట్లాడే మనిషి లేరు. పిల్లలు కలగలేదు. అక్క చనిపోయింది. చర్చిలో పాడే బృందానికి వెళ్లడం మానేసింది, ఊపిరి అందక. ఏడాదికోసారి తెర మీద ఆ చుక్క తెరిచి, "బాగా ఎదిగావే," అని మనసులో అనుకునేది. తను చూడబట్టే అది ఉందన్నట్టు ఉండేది.

ఇప్పుడు కెస్ట్రెల్‌ని ఆపేస్తున్నారు. దాన్ని తిప్పే చక్రాల్లో ఒక్కటే మిగిలింది. చివరి రోజు పథకంలో ఏదో గురి తప్పి ఖాళీ పడితే, ఓటిస్ అందులో ఒరిగించిన బొమ్మ దూర్చాడు. చుక్క తన చోట ఉంటే సోల్‌బర్గ్ చిన్న వ్యాసం ప్రకటిస్తుంది. దాని మీద రెండో పేరు లూయెల్లాది.

ఫిబ్రవరి బొమ్మ తెర మీదికి వచ్చింది. చుక్క ఉంది. ఇన్నేళ్లలో ఎప్పుడూ లేనంత గట్టిగా ఉంది. షీటు కాస్త పక్కకి ఎత్తి చూసింది ఆమె. దించి చూసింది. చుక్క ఏ సున్నాలోనూ లేదు. స్క్రాపుల్ ఉప్పు నాలుక మీద ఇంకా ఉంది. బాగుంది మీట నొక్కింది.

తర్వాతి బొమ్మ తెరిచింది.

ఆకాశం పక్కకి వాలింది, ఎవరో తల దిండు మీద వాల్చినట్టు. జంట చుక్కలున్నాయి. మూడు గుండీలూ ఏటవాలుగా ఉన్నాయి. కాఫీ మరక పైకి జరిగింది. గురి చక్కగా ఉంది. అన్నీ బిగువుగా, తేటగా, తమ తమ చోట్లలో ఉన్నాయి. గుండీల పక్కన ఏమీ లేదు.

ఆమె వెలుగు పెంచింది. ఇంకా పెంచింది. నలుపు బూడిదరంగైంది. బూడిదలో ఇసుకలా రవ్వలు. ఆ చోట రవ్వ కూడా లేదు. పెంచినదంతా తగ్గించి, కళ్లు మూసుకుని, తెరిచి, మళ్లీ చూసింది. అప్పుడు అంచుకు బయట ఉన్న పెద్ద చుక్కని వెతికింది. అక్కడినుంచి వేలు అద్దాల దారిలో కదిపింది, ఎందరికో నేర్పినట్టే. రెండో అద్దం. అక్కడినుంచి కెమెరా ముందుండే కిటికీ గాజు. ఏళ్ల తరబడి ఆ గాజు మీద పొర కడుతోంది. అందరికీ తెలిసిన సంగతే. కెస్ట్రెల్ కన్ను మసకబారేది దాంతోనే. దాన్ని కొలవడానికే ఈ బొమ్మ. ఆ పొర మీద పడ్డ వెలుగు కొత్త దారిలో జారి, ఈ ఒక్క వాలులోనే, సరిగ్గా గుండీల పక్కకి వచ్చి పడుతోంది. పొర మందమైనకొద్దీ వెలుగు గట్టిపడింది. ఏటా ఎదిగింది చుక్క కాదు. అద్దం మీది మకిలి.

పైన కిటికీలో ఎవరివో బూట్లు ఆగి, మంచు దులుపుకుని, వెళ్లిపోయాయి.

ఫోన్ మోగింది. సోల్‌బర్గ్.

"లూయెల్లా! వచ్చిందా?"

"చూస్తున్నాను."

"కంగారు పడకండి. చక్రం ఒక్కటే కదా, ఒరిగించినప్పుడు గురి తప్పిందేమోనని నాకు అనుమానమే. చెడిపోయినా నష్టం లేదు. పాత బొమ్మలతోనే పంపేద్దాం. 'ఇంకా నిర్ధారణ కావాలి' అని ఒక ముక్క చేరిస్తే సరి. ఇవాళ్టి తర్వాత అంత లోతుగా అటు చూసేది ఎలాగూ లేదు. మీ పేరు పూర్తిగా వేయనా, పొడి అక్షరాలతోనా?"

లూయెల్లా గుండీల పక్కన ఖాళీ చోటు మీద వేలు పెట్టింది.

"వింటున్నారా?"

"ఆగండి కాసేపు," అని ఫోన్ పెట్టేసింది.

తెర పక్కన మాటల వరస కనపడుతోంది. అందులో రెండోది 'గురి తప్పింది'. దాని మీద ఒక్కసారి నొక్కితే చాలు. చెడిపోయినవాటిలో పడిన బొమ్మ ఎవరూ తెరవరు. ఆమె చెప్పాక మళ్లీ చూసే మనిషి ఈ భవనంలో లేరు. ఇంక అటు తిరిగే కన్ను ఆకాశంలో ఉండదు. ఆ చుక్క ఉందో లేదో అడిగేవాళ్లు ఉండరు. కనక ఉంటుంది. పుస్తకాల్లో ఒక నెంబరుతో, పక్కన ఆమె పేరుతో, ఆమె పోయాక కూడా, నిర్ధారణ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. అబద్ధం అంటూ ఏమీ రాయక్కర్లేదు.

వేలు మీట మీద పెట్టి కూర్చుంది. కప్పులో నీళ్లు చల్లారిపోయాయి. ఓటిస్ వదిలేసిన బిళ్ల కాగితంలో నూనె దిగి మరకైంది.

అంత మంచి బొమ్మ. అదే ఆమెకు అడ్డొచ్చింది. ఒక్క గీత లేదు, ఒక్క మరక లేదు. చక్రం ఒక్కటే మిగిలిన ముసలి ఉపగ్రహం, పక్కకి ఒరిగి, వణక్కుండా నిలబడి తీసింది. దాన్ని చెడిపోయిందనడానికి ఆమెకు చేయి రాలేదు.

బాగుంది మీట నొక్కింది.

తర్వాత ఫిబ్రవరి బొమ్మ వెనక్కి తెచ్చి, చుక్క మీద గురిపెట్టి, దయ్యం అని ఎంచింది. అక్కడితో అయిపోలేదు. రాత్రికి బొమ్మలన్నీ శాశ్వతంగా మూటగట్టేస్తారు. ఆపైన ఎవరూ దిద్దలేరు. ఆమె పోయినేటి బొమ్మ తెరిచింది. దయ్యం. దానికి ముందుది. దయ్యం. వెనక్కి పోయేకొద్దీ చుక్క చిన్నదవుతూ, సన్నబడుతూ వచ్చింది. పెద్దదాన్ని తిరిగి పసిదాన్ని చేసి ఒళ్లోకి తీసుకుంటున్నట్టే ఉంది. చివరికి రాయిస్ పోయిన ఏడాది బొమ్మ. నలుసు. ఉందో లేదో తెలియనంత సన్నంగా. తను కాకపోతే ఎవరికీ కనపడదు. దాని మీద కూడా ఎంచింది.

సొరుగులోంచి ఎర్ర మైనపు పెన్సిలు తీసింది. కుర్చీ ముందుకు జరుపుకుని, మోచెయ్యి బల్ల మీద ఆనించి, షీటు మీద ఆ చోట సున్నా చుట్టింది. చెయ్యి నిలవలేదు.

సోల్‌బర్గ్ ఉండబట్టలేక తనే కిందికి దిగింది. తలుపు దగ్గర నిలబడి తెర చూసింది, షీటు చూసింది. కళ్లజోడు నెత్తి మీంచి కళ్ల మీదికి దించుకుని మళ్లీ చూసింది.

"అయ్యో," అంది. "కిటికీ గాజా?"

"గాజే."

"పోనీలెండి. తెలిసింది కదా." ఆవిడ చెయ్యి లూయెల్లా భుజం మీద వేసి, ఎంతసేపుంచాలో తెలియక తీసేసింది. "కొత్త రకం దయ్యం ఇది. సాంకేతిక వివరాల్లో ఒక పేరా చేరుస్తాను."

"ఎవరు చదువుతారు?"

సోల్‌బర్గ్ నిజం చెప్పే మనిషి. "ఎవరూ చదవరు. ఆ గాజే ఉండదుగా ఇంక," అంది. తర్వాత గడియారం వంక చూసి, "పైన కేక్ కోస్తున్నారు. వస్తారా?" అంది.

పెద్ద గదిలో జనం గోడల వెంట నిలబడ్డారు. బూడిదరంగు క్రీముతో కెస్ట్రెల్ ఆకారంలో కేక్ చేయించారు. రెక్కలు రెండూ అప్పటికే ఎవరో తినేశారు. ఓటిస్ చెవులకు ఫోన్ తగిలించుకుని కూర్చున్నాడు. అతని గొంతు మామూలుగా ఉంది. ఆజ్ఞ వెళ్లిందన్నాడు. కాసేపు ఏమీ జరగలేదు. అంత దూరం పోయి రావాలి. తర్వాత తెర మీద వణుకుతూ నడుస్తున్న గీత ఒక్కటి చదునుగా పడుకుంది. ఒకరిద్దరు చప్పట్లు కొట్టబోయి, కొట్టాలో వద్దో తెలియక ఆపేశారు.

ఓటిస్ కాగితం పళ్లెంలో ముక్క పెట్టుకుని లూయెల్లా దగ్గరికి వచ్చాడు. అడక్కముందే ఆమె చెప్పింది.

"దయ్యం."

"ఛ." అతను పళ్లెం వంక చూశాడు. "నేను తీయకుండా ఉంటే పోయేది, మిస్ లూ. నేనో గాడిదని. మీకేదో బహుమతి ఇద్దామనుకున్నాను."

"మంచి బొమ్మ తీశావు," అంది ఆమె. "ఈ ఏడాదిలో వచ్చిన వాటన్నిట్లోకీ మంచి బొమ్మ. కాస్త కూడా కదల్లేదు."

"సామాను రేపు తీసుకెళ్తారా? నేను కార్లో దింపుతాను."

"రేపు," అంది. అదొక్కటే ఆమె ఆరోజు ఆలోచించకుండా చెప్పిన మాట.

బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి వీధి దీపాలు వెలుగుతున్నాయి. ఈసారి ఆగినచోట్ల చేతిసంచిలో వెతికినట్టు నటించలేదు. స్తంభం పట్టుకుని నిలబడింది. బర్నీస్ వసారాలోనే ఉంది, మెట్ల మీద ఉప్పు చల్లుతూ.

"ఏమంది నీ చుక్క?"

"లేదు."

"లేదంటే? రాలేదా?"

"ఎప్పుడూ లేదు."

బర్నీస్ ఉప్పు డబ్బా కింద పెట్టింది. ఏదో ఒక వెక్కిరింత నోటిదాకా వచ్చి ఉంటుంది. మింగేసింది. "సూప్ ఉంది, బంగారం. తెచ్చివ్వనా?"

"వద్దు. పొద్దున స్క్రాపుల్ మిగిలింది."

"అయితే ఇంక సోమవారానికి అడ్డేం లేదుగా."

"అడ్డేం లేదు," అంది లూయెల్లా. తాళం చెవి తిప్పడానికి రెండు చేతులూ పెట్టాల్సొచ్చింది.

మిగిలిన ముక్క ఆమె తినలేదు. మర్నాడు పొద్దున్న బర్నీస్ గోడ కొడితే బదులు చప్పుడు రాలేదు. ఆవిడ తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసుకుని లోపలికి వచ్చింది. పెనంలో స్క్రాపుల్ అలాగే గడ్డకట్టి ఉంది. లూయెల్లా మంచం అంచున కూర్చుని, పక్కనున్న గోడకి తల ఆనించి ఉంది. ఒక కాలి మేజోడు ఊడి ఒళ్లో ఉంది. రెండోది మడమ దాకా దిగి అక్కడే ఆగింది. బర్నీస్ ముందు ఆ మేజోడు పూర్తిగా లాగేసింది. ఆ తర్వాతే ఫోన్ చేయడానికి వెళ్లింది.

ఆసుపత్రికి కబురు చెప్పి సోమవారం పేరు కొట్టేయించింది కూడా ఆవిడే.

సంస్థలో నేలమాళిగ గది ఖాళీ చేయాల్సిన రోజున ఓటిస్ ఒక అట్టపెట్టె పట్టుకుని దిగాడు. కుర్చీకి తగిలించిన ఉన్ని స్వెటరు, కప్పు, పెన్సిలు అందులో పెట్టాడు. తెర మీది టేపు ఒక మూల గోటితో లేపి, మళ్లీ అతికించేశాడు. దీపం ఆర్పి, తల వంచుకుని, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు. పైకిటికీలోంచి పడే పగటి వెలుతురులో, వెనక ఏమీ లేని నల్లటి తెర మీద ఆ షీటు వేలాడుతోంది. దాని మీద ఎర్రసున్నాలన్నీ గుండ్రంగానే ఉన్నాయి, ఒక్కటి తప్ప.